ఒక్క ప్లగ్గు, ఆరు దీపాలు, ఒక నింద

ఉదయం ఏడూ నలభై అయిదు. ఆ వేళ ఏ ఇల్లయినా ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొయ్యి మీద కుక్కరు కూతలు పెడుతోంది. పదో తరగతి చదివే మా అమ్మాయి ఒక చేత్తో జడ వేసుకుంటూ ఇంకో చేత్తో పుస్తకాలు సర్దుకుంటోంది. "నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అని స్నానాల గదిలోంచి మా వారి కేక. "అవుతోందండీ" అని ఇక్కణ్ణుంచి నేను. అంటే ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. ఆ అర్థం ఆయనకీ తెలుసు!

వెనక గదిలోకి పరిగెత్తాను. అక్కడ గోడకి ఉన్నది ఒకే ఒక్క ప్లగ్గు పాయింటు. దానికి మూడు రంధ్రాల మల్టీప్లగ్గు తగిలించి ఉంది. అందులో ఒక రంధ్రానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఆ బాక్సుకి నా మొక్కల దీపాలు ఆరు. ఇంకో రంధ్రం ఖాళీగా కనిపించింది. ఇస్త్రీపెట్టె దాంట్లో గుచ్చేశాను. చొక్కా ఒక చెయ్యి అయింది, రెండోది సగం అయింది... ఏదో వాసన. ముందు చొక్కానే కాలిందనుకున్నాను. కాదు. గోడ దగ్గర్నుంచి సన్నగా పొగ! మల్టీప్లగ్గు గోడకి ఆనుకున్న చోట గోధుమరంగు తిరిగి, మైనంలా వంగిపోయి ఉంది. నేను కొయ్యబారిపోయి నిలబడితే అమ్మాయి వచ్చి మెయిన్ ఆపేసింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ గోడకి జానెడు దూరంలోనే మా అమ్మాయి చదువుకునే బల్ల ఉంది. దాని మీద కాగితాలు, పక్కనే కిటికీ తెర. నేను చొక్కా అక్కడ పెట్టి పోపు వెయ్యడానికి వెళ్ళి ఉంటే? ఆ 'ఉంటే' అన్న మాట తర్వాత చాలా రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు.

మా వారు తువ్వాలుతోనే వచ్చి చూశారు. చూసిన మరుక్షణం తీర్పు వచ్చేసింది.

"చెప్పానా నీకు? ఒక్క ప్లగ్గుకి ఆరు దీపాలు పెడితే ఇలాగే అవుతుంది. ఈ మొక్కల పిచ్చి కొంప తగలబెట్టేదాకా వదలదు."

ఆశ్చర్యం ఏమిటంటే, నేనూ ఒప్పేసుకున్నాను. ఎదురు చెప్పడానికి నా దగ్గర మాటే లేదు. ఆ సాయంత్రమే దీపాలు విప్పి, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేశాను.

దీపాలెందుకు పెట్టానంటే...

మా పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక పల్లె. పెరట్లోకి వెళ్ళి కొత్తిమీర తుంచుకొచ్చి చారులో వెయ్యడం తెలిసిన దాన్ని. హైదరాబాదులో అపార్టుమెంటుకి వచ్చాక పెరడు కాస్తా బాల్కనీ అయింది. అదీ ఉత్తరం వైపు. అయినా పొద్దుటి ఎండ కాస్త పక్క నుంచి వచ్చేది. మెంతికూర, పుదీనా, నాలుగు కుండీల ఆఫ్రికన్ వయొలెట్లు, ఒక తులసి... సరిపెట్టుకున్నాను. 2022లో పక్క స్థలంలో అయిదంతస్తులు లేచాయి. ఆ కాస్త ఎండా పోయింది. మెంతి మొలకలు వెలుతురు వెతుక్కుంటూ దారాల్లా పొడుగ్గా సాగి, నడుం విరిగినట్టు వాలిపోయేవి. తులసి ఆకు రాల్చేసింది.

అప్పుడు తెలిసింది, మొక్కలకి దీపాల వెలుతురు పెట్టి గదిలోనే పెంచుకోవచ్చని. పెద్ద విద్య కాదు. ఆకుకూరలకి మామూలు తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు కూడా పని చేస్తుంది. ఊదారంగు దీపాలే కావాలని లేదు. మొక్కలు ఎరుపు, నీలం వెలుతురు ఎక్కువ వాడుకుంటాయని ఆ రెండు రంగులూ కలిపి అలా చేస్తారు, అంతే. తెల్లటి వెలుతురులో ఆ రెండూ ఉన్నాయి కదా. ట్యూబుని మొక్కల పైన జానెడు, జానెడున్నర ఎత్తులో కట్టి, రోజుకి పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు వెలిగిస్తే చాలు. రాత్రి చీకటి ఉండాల్సిందే, వాటికీ విశ్రాంతి కావాలి. ఇనప అల్మరా అరలకి 20 వాట్ల ట్యూబులు ఆరు కట్టాను. మూడు వారాలకి మెంతికూర కోతకొచ్చింది. మొదటి కోతని పప్పులో వేసిన రోజు మా అత్తగారు, "ఇది మన మెంతికూరేనా?" అని రెండోసారి వడ్డించుకున్నారు. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

ఇంట్లో అందరి అవసరాల మధ్యా నాకంటూ ఉన్నది అదొక్కటే. అందుకే అటకెక్కిన ఆ మూట చూసినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడేది.

లెక్క చేసింది మా అమ్మాయి

ఎనిమిది రోజులు గడిచాయి. ఒక రాత్రి మా అమ్మాయి ఫిజిక్సు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, నీ దీపాలు ఒక్కొక్కటీ ఎన్ని వాట్లు?" అంది.

"ఇరవై."

"ఆరు కలిపి నూట ఇరవై. మన ఇంటికొచ్చే కరెంటు 230 వోల్టులు. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. అంటే సుమారు అర ఆంపియరు. ఆ సాకెట్టు ఆరు ఆంపియర్లది. అర ఆంపియరుకి ఆరు ఆంపియర్ల సాకెట్టు ఎందుకు కాలుతుందమ్మా?"

నేను నోరు తెరుచుకుని చూశాను. తనే మళ్ళీ అంది. "ఇస్త్రీపెట్టె ఎన్ని వాట్లు?"

తిరగేసి చూశాం. వెయ్యి వాట్లు. అంటే నాలుగు ఆంపియర్ల పైన. ఆరు దీపాలూ కలిసి తాగే దానికి ఎనిమిది రెట్లు!

"మరి నాలుగూ, అరా కలిపినా అయిదు దాటలేదుగా? ఆరు దాకా తట్టుకోవాలిగా?" అన్నాను. నాకూ పౌరుషం వచ్చింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ మల్టీప్లగ్గు కొని ఏళ్ళయింది. రోజూ పీకీ గుచ్చీ, పీకీ గుచ్చీ లోపలి ఇత్తడి రేకులు వదులైపోయాయి. గోడ సాకెట్టుదీ అదే కథ. పిన్ను గట్టిగా పట్టు చిక్కక అంచుతో తాకుతూ ఉంటే కరెంటు ఆ ఇరుకులోంచి దూరాలి. అలా ఇరుకైన చోట వేడి పుడుతుంది. ఆ వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. జేమ్స్ జౌల్ అనే ఆయన ఈ సూత్రాన్ని 1841లోనే చెప్పాడు. మా ఇంట్లో దీపాలు ఒక్కటే వెలిగే పద్నాలుగు గంటలూ ఆ వదులు జాయింటులోంచి వెళ్ళింది అర ఆంపియరు. ఇస్త్రీపెట్టె కలిసిన ఆ పది నిమిషాలూ వెళ్ళింది దాదాపు అయిదు. తొమ్మిది రెట్ల కరెంటు అనుకున్నా ఎనభై ఒక్క రెట్ల వేడి!

చవక రకం ఎల్‌ఈడీ దీపాలు ఈ లెక్కకన్నా కొంచెం ఎక్కువ కరెంటే లాగుతాయట. సరే, రెండింతలు అనుకోండి. అప్పుడూ ఆరూ కలిపి ఒక్క ఆంపియరు. నేరం దీపాలది కాదు!

ఆ రాత్రి నాకు కలిగింది సంతోషం ఒక్కటే కాదు. కొంచెం సిగ్గు కూడా. ఎందుకంటే ఇదంతా పదో తరగతి పాఠం. నేనూ చదివాను. మార్కులూ బాగానే వచ్చాయి. పరీక్ష కాగితం మీద రాసొచ్చిన ఆ సూత్రం ఇరవై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా నా వంటింటి గోడ దాకా రాలేదు.

ఇంకో మాట ఆలోచించండి. ప్లగ్గులో ఇస్త్రీపెట్టె గుచ్చింది నేనే. మా వారి చొక్కా కోసం గుచ్చాను. కానీ 'ఇస్త్రీ వల్ల కాలింది' అని ఎవరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. ఇస్త్రీ అవసరం, మొక్కలు పిచ్చి. ఇంట్లో ఏదైనా చెడితే ముందు నింద పడేది ఆడదాని సరదా మీదే. నేను కుట్టుమిషను పెట్టుకున్నా, సంగీతం నేర్చుకున్నా, ఇంకేం చేసినా ఇంతే అయ్యేదేమో అనిపించింది. ఇక్కడ మా వారిని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. లెక్క చూపిస్తే ఆయన కాసేపు కాగితం వంక చూసి, "అవును, నిజమే" అన్నారు. అటక మీంచి మూట దించింది కూడా ఆయనే. కానీ లెక్క తెలియకముందు తీర్పు అంత తేలిగ్గా ఎలా వచ్చేసింది? నేను అంత తేలిగ్గా తల ఎలా వంచేశాను? తెలియనితనం వల్ల. తెలియనివాళ్ళు ముద్దాయిల్లాగే నిలబడతారు.

"సార్ లేరా అమ్మా?"

సాకెట్టు మార్చడానికి ఎలక్ట్రీషియన్ని పిలిచాం. వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే, "సార్ లేరా అమ్మా?" అన్నాడు. "ఆఫీసుకెళ్ళారు. ఏం చెయ్యాలో నాకు చెప్పు బాబూ" అన్నాను. "అబ్బే, సార్‌తో ఫోన్లో మాట్లాడతాలెండి" అన్నాడు. ఆ గదిలో రోజుకి పది గంటలుండేది నేను. ఆ స్విచ్చులు నొక్కేది నేను. తడి చేతులతో తిరిగేది నేను. మాట్లాడాల్సింది మాత్రం ఊరవతల ఆఫీసులో ఉన్న సార్‌తోనా!

"ఈ సాకెట్టుకి లోపల ఏ వైరు వచ్చింది? ఒకటిన్నర ఎంఎందా, రెండున్నర ఎంఎందా? లైట్ల లైను మీదే ఉందా, విడిగా ఉందా?" అని అడిగాను. ఆ అబ్బాయి స్క్రూడ్రైవరు ఆపి నా వంక చూశాడు. అప్పట్నుంచి మాట నాతోనే. చాలా ఓపిగ్గా చెప్పాడు కూడా. అతని తప్పేం లేదు. ఇంతకాలం ఆ ప్రశ్న అడిగిన ఆడమనిషి అతనికి ఎదురు పడలేదు, అంతే.

అతను చెప్పినవీ, మా అమ్మాయి పుస్తకంలో చదివినవీ, నేను డబ్బాల వెనక చిన్న అక్షరాల్లో చూసుకున్నవీ కలిపి మీకు చెబుతాను. మొక్కల దీపాలు మీకు అక్కర్లేకపోవచ్చు. ప్లగ్గు లేని ఇల్లయితే ఉండదు కదా!

మొదటిది. మన ఇళ్ళలో చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. చిన్నదాని లెక్క 1380 వాట్లు, పెద్దదానిది 3680. గంటల తరబడి వాడేటప్పుడు అంచుదాకా వెళ్ళకుండా అయిదో వంతు తగ్గించుకోవాలి. అంటే చిన్నదానికి 1100, పెద్దదానికి 2900 అనుకోండి. ఇప్పుడు ఇంట్లో వస్తువులు చూడండి. ఇస్త్రీపెట్టె 1000, మిక్సీ 500 నుంచి 750, నీళ్ళు కాచే కెటిల్ 1500, ఇండక్షన్ పొయ్యి 2000 దాకా, గీజరు 2000 నుంచి 3000. కెటిల్ ఒక్కటే చిన్న సాకెట్టుకి ఎక్కువన్నమాట! పెద్ద పిన్నుని చిన్న సాకెట్టులో పెట్టడానికి బజార్లో కన్వర్టర్లు దొరుకుతాయి. దొరుకుతున్నాయి కదా అని కొనకండి. పెద్ద పిన్ను పెద్దదిగా చేసిందే అది చిన్న రంధ్రంలో పట్టకూడదని.

రెండోది. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఆరు రంధ్రాలుంటే ఒక్కో రంధ్రానికీ ఆరు ఆంపియర్లని కాదు. అన్నీ కలిపి ఆరే! పదిమందికి కంచాలు వేసినంత మాత్రాన గిన్నెలో అన్నం పెరుగుతుందా? బాక్సు రంధ్రాలు కంచాలు, గోడలో వైరు గిన్నె. అందుకే మల్టీప్లగ్గుకి బాక్సు, ఆ బాక్సుకి ఇంకో బాక్సు అంటూ గొలుసు కట్టకూడదు. ప్రతి జాయింటూ వదులవడానికి ఇంకో చోటు.

మూడోది. "ఎంసీబీ ఉందిగా, పడిపోతుందిలే" అని నిశ్చింతగా ఉండకండి. మా ఇంట్లో పడలేదు. ఎందుకు పడుతుంది? వెళ్తున్న కరెంటు దాని హద్దులోనే ఉంది. గోడలో వైరు మీద భారం ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా ఎంసీబీ చూసుకుంటుంది. వదులు జాయింటు దానికి కనపడదు. అలాగే మనిషికి షాక్ కొడితే కాపాడేది కూడా అది కాదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోవాలి. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోంచి భూమికి పోతుంటే కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. దాని మీద పరీక్ష బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి, టక్కున పడుతోందా లేదా చూసుకోవాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2019, 2020, 2021 ఏ ఏడు చూసినా దేశంలో కరెంటు కొట్టి పోయినవాళ్ళు పది వేలకి పైనే ఉన్నారు. ఆ మాట గుర్తొస్తే బొత్తాం నొక్కడానికి బద్ధకం వెయ్యదు.

మరి వదులు జాయింటుని ఎవరు పట్టుకోవాలి? మన చెయ్యీ, మన ముక్కూ. ఏదైనా గంటసేపు వాడాక ప్లగ్గుని పొడి చేత్తో పైనుంచి తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి నిలవనంత వేడిగా ఉన్నా, చుట్టూ పసుపుగానో గోధుమగానో మారినా, చేపలు కాల్చినట్టు వాసన వచ్చినా, పెడుతుంటే చిటచిటలాడినా ఆ సాకెట్టు వెంటనే మార్పించాలి. పిన్నుకి కాగితం చుట్టి బిగించడం, అగ్గిపుల్ల దోపడం లాంటి కిటుకులు వద్దు. నేనూ చేసేదాన్ని, అందుకే చెబుతున్నాను.

నాలుగోది ఎర్తింగు. మూడు పిన్నుల్లో పైన లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్తు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అదే తగలాలని పొడుగ్గా చేశారు. ఇనప అల్మరాకి దీపాలు కట్టి, పక్కన నీళ్ళు పోస్తున్నప్పుడు అది ప్రాణంతో సమానం. పాత ఇళ్ళలో ఆ రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగే ఉండదు. ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. మూడు పిన్నుల వస్తువుని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెడితే మీ చేతులారా ఆ రక్షణ తీసేసినట్టే.

నా తప్పులూ చెప్పాలి

దీపాలు నిర్దోషులని తేలింది గానీ నేను పూర్తిగా నిర్దోషిని కాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎక్కడ పెట్టానో తెలుసా? అల్మరా అడుగున, నేల మీద! పైన నాలుగు అరల్లో తడి ట్రేలు. రోజూ చెంబుతో నీళ్ళు పోస్తూ, కారితే తుడుస్తూ. ఆ నీళ్ళు ఒక్కరోజు బాక్సులోకి కారి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేనుండేదాన్ని కాదేమో. చొక్కా తొందరలో జరిగిన దానికి సాకు చెప్పుకోవచ్చు. దీనికి ఏ సాకూ లేదు.

ఇప్పుడు మార్చుకున్నాను. బాక్సు గోడకి, ట్రేల కన్నా ఎత్తులో, పక్కకి బిగించాం. ప్రతి తీగా బాక్సు కన్నా కిందికి ఒకసారి వంగి మళ్ళీ పైకెళ్ళేలా వదిలాను. తీగ వెంట నీటి చుక్క జారితే ఆ వంపులో కింద పడుతుంది, సాకెట్టులోకి పోదు. నీళ్ళు పోసే ముందు స్విచ్చి ఆపడం అలవాటు చేసుకున్నాను. బాక్సు కూడా పాతది పారేసి ఐఎస్ఐ మార్కుది, మూడు తీగల లావు వైరుది కొన్నాం. బజార్లో దొరికే సన్నతీగ బాక్సులు ఫోను చార్జింగుకి సరే, అంతకు మించి నమ్మకూడదు. వైరు మిగిలితే గట్టిగా చుట్టచుట్టి ఉంచకండి, తివాచీ కింద దాచకండి. వేడి పోవడానికి దారుండదు.

కొన్ని దీపాలు ఒకదాని చివర ఇంకొకటి తగిలించుకునే రకం వస్తాయి. ఆరు ప్లగ్గుల బదులు ఒకటే ప్లగ్గు. మంచిదే. కానీ అలా ఎన్ని తగిలించవచ్చో దీపం మీదో, డబ్బా మీదో రాసి ఉంటుంది. అంతకు మించకూడదు. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో 'వెయ్యి వాట్లు' అని ఉంటే కంగారు పడకండి, సంబరపడకండి. పాత రకం దీపంతో పోల్చి వేసిన గొప్ప అది. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు లెక్క. టైమరు పెట్టుకుంటే దీపాలన్నీ కలిపి తీసుకునే కరెంటు కన్నా బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఎల్‌ఈడీలు వెలిగే ఆ ఒక్క క్షణం మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు గుంజుతాయి. చిన్న టైమరు లోపలి మీట అంటుకుపోతుంది.

కరెంటు బిల్లు సంగతీ దాచను. 120 వాట్లు, రోజుకి 14 గంటలు, నెలకి 50 యూనిట్లు. మెంతికూర కట్టల ధరతో పోలిస్తే లాభం లేదు. స్లాబు మారితే ఇంకా కష్టం. అందుకని 12 గంటలకి తగ్గించాను, 43 యూనిట్లయింది. నాకది చాలు. టీవీలో క్రికెట్ నడిచిన గంటల్ని మా ఇంట్లో ఎవరూ యూనిట్లలో కొలవలేదు లెండి!

గోడ కట్టేటప్పుడే అడగాలి

ఇస్త్రీ కోసం ఎదుటి గోడకి విడిగా 16 ఆంపియర్ల పాయింటు వేయించాం. రెండున్నర ఎంఎం వైరు నేరుగా బోర్డు నుంచి లాగారు. గోడ పగలగొట్టి, దుమ్ము ఎత్తి, మళ్ళీ సున్నం వేసి... ఒక పాయింటుకి ఎంత తతంగమో! అదే ఇల్లు కట్టేటప్పుడు అయితే ఎంత పని?

కానీ కట్టేటప్పుడు ఎవరు అడుగుతారు? హాల్లో టీవీ ఎక్కడుండాలో గంటసేపు చర్చిస్తారు. మిక్సీ, గ్రైండరు, ఓవెను, వాటర్ ఫిల్టరు, ఫ్రిజ్జు... ఇన్నీ ఉండే వంటింటికి రెండు పాయింట్లు, అందులో ఒకటి సింకు పక్కన! వాషింగ్ మిషను పెట్టే చోట ఒక్కటీ ఉండదు. అందుకే మన ఇళ్ళలో ఇన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులు. మనం అజాగ్రత్త వల్ల గొలుసులు కడుతున్నామంటారు గానీ, గోడలో పాయింటు ఉంటే ఎవరు కడతారు? ఇల్లు వాడేది ఎవరో వాళ్ళని అడగకుండా ప్లాను గీస్తే, ఆ ప్లానుకి అతుకులు వేసేది మల్టీప్లగ్గులే. కొత్తిల్లు కట్టుకుంటున్నా, ఫ్లాటు కొంటున్నా, ప్లాను కాగితం మీద ప్లగ్గు గుర్తులు మీరే పెట్టండి. దేవుడి గదికి మూల చూపించినంత పట్టుదలగా చూపించండి.

ఇవన్నీ మగవాళ్ళ పనులని మా అమ్మ అనేది. ఫ్యూజు పోతే నాన్న వచ్చేదాకా చీకట్లో కూచునేవాళ్ళం. ఆవిడ కాలంలో ఇంట్లో ఉన్నవి నాలుగు బల్బులూ ఒక ఫ్యానూ. ఇప్పుడు తెల్లవారుజామున గీజరు నుంచి రాత్రి దోమల మిషను దాకా ఆడవాళ్ళ చేతి మీదుగా నడిచేదంతా కరెంటే. వాడకం మనదై, తెలివి వేరేవాళ్ళదైతే ఎలా? నేను మిమ్మల్ని బోర్డు విప్పి తీగలు కలపమనడం లేదు. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. కానీ ఏం చేయించాలో, ఎందుకు చేయించాలో మనకి తెలియాలి.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి స్విచ్ బోర్డు పక్కనా ఒక చిన్న కాగితం ఉంది. ఆ సాకెట్టు ఎన్ని ఆంపియర్లది, ఏవి పెట్టచ్చు, ఏవి పెట్టకూడదు. రాసింది మా అమ్మాయి. వెనక గది బోర్డు దగ్గర 'దీపాలకి మాత్రమే, ఇస్త్రీపెట్టె పెట్టరాదు' అని ఎర్ర సిరాతో రాసింది. మొన్న మా వారు ఇస్త్రీపెట్టె పట్టుకుని ఆ కాగితం ముందు ఆగి, మళ్ళీ ఎదుటి గోడ దగ్గరికి వెళ్ళారు. చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకుంటున్నారు లెండి ఈ మధ్య!

ఈ ఆదివారం ఒక్క గంట తీరిక చేసుకోండి. ఇస్త్రీపెట్టె తిరగేయండి, మిక్సీ అడుగు చూడండి, కెటిల్ కింద చిన్న అక్షరాలు చదవండి. వాట్లు ఒక కాగితం మీద రాసి 230తో భాగించండి. ఏ ప్లగ్గు మీద ఏది పడుతోందో చూడండి. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోండి, మగపిల్లల్ని కూడా. మీ అత్తగారినీ పిలవండి. మా అత్తగారయితే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా వాళ్ళ మల్టీప్లగ్గుని తాకి చూసిగానీ కూర్చోవడం లేదు.